విశాఖ నుంచి గల్ఫ్ పనికి: సంతకం పెట్టేముందు

ముందు పాస్‌పోర్టులో ఈసీఆర్ (పనికి విదేశం వెళ్లాలంటే ముందు ప్రభుత్వ అనుమతి కావాలనే గుర్తు) అని ఉందేమో చూడండి. పది పాసై కూడా అలా ఉంటే, సేవా కేంద్రంలో స్లాటు తీసుకుని సర్టిఫికెట్‌తో కొత్త పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయండి. ఈసీఆర్ ఉన్నవాళ్లు సౌదీ, కువైట్, ఖతార్‌లకు పనికి వెళ్లాలంటే 1983 వలస చట్టం కింద ప్రభుత్వ ఈమైగ్రేట్ సైటు ద్వారా అనుమతి ఉండాల్సిందే.

ఏజెంటు లైసెన్సు నంబరు ఆ సైటులోనే వెతకండి. ఫీజు గరిష్ఠంగా 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అంతకు మించి అడిగితే లేచి వచ్చేయండి. రసీదు లేనిదే పైసా ఇవ్వొద్దు.

అసలు మోసమంతా విజిట్ వీసాలోనే. అక్కడికెళ్లాక పని వీసాగా మారుస్తామంటారు. మారకపోతే జీతం ఎగ్గొట్టినా చూపడానికి కాగితం ఉండదు.

ప్రవాసీ బీమా (పనికి విదేశం వెళ్లేవాళ్ల కోసం ప్రభుత్వ బీమా) రెండేళ్లకు 275 రూపాయలు, పన్ను ఉంటే అదనం. ప్రమాదంలో చనిపోతే 10 లక్షలు. కాంట్రాక్టు జిరాక్సు ఒకటి ఇంట్లో ఉంచండి.