పేనుకొరుకుడుకు పీఆర్‌పీ: రక్తం తీయడం నుంచి ఫొటోలు పోల్చుకోవడం దాకా

పేనుకొరుకుడులో వెంట్రుక కుదురు చచ్చిపోదు. సీడీ8 రకం టీ కణాలు (ఒక రకం రోగనిరోధక కణాలు) దాని చుట్టూ గుమిగూడి, ఎదుగుతున్న వెంట్రుకను మధ్యలోనే ఆపేస్తాయి. పీఆర్‌పీ (ప్లేట్‌లెట్-రిచ్ ప్లాస్మా) అంటే మన రక్తంలోంచే ప్లేట్‌లెట్లను చిక్కగా వేరుచేసి, జుట్టు ఊడిన మచ్చలో ఇంజెక్షన్‌గా ఎక్కించే ద్రవం. ఆ ప్లేట్‌లెట్లు విడుదల చేసే పీడీజీఎఫ్, వీఈజీఎఫ్, టీజీఎఫ్-బీటా లాంటి పదార్థాలు కుదురును మళ్లీ ఎదుగుదల దశలోకి నెట్టగలవు, వాపును కొంత తగ్గించగలవు. రోగనిరోధక కణాల దాడిని పూర్తిగా ఆపించే శక్తి మాత్రం వాటికి లేదు. మామూలు బట్టతలకు పీఆర్‌పీ చేసినట్టే దీనికీ చేసేస్తే డబ్బు దండగయ్యేది ఇక్కడే.

2013లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో వచ్చిన 45 మంది అధ్యయనంలో ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కంటే పీఆర్‌పీతోనే జుట్టు బాగా వచ్చింది. ఆ తర్వాత జరిగిన పోలికల్లో కొన్ని స్టెరాయిడ్‌దే పైచేయి అని తేల్చాయి. అందుకే చిన్న మచ్చలకు ఇప్పటికీ మొదటి వరస స్టెరాయిడ్ ఇంజెక్షన్‌దే. దాంతో చర్మం గుంట పడినవారికి, సగం వచ్చి ఆగిపోయినవారికి, స్టెరాయిడ్ వద్దనుకునేవారికి పీఆర్‌పీ పనికొచ్చే రెండో దారి. తలంతా లేదా ఒళ్లంతా జుట్టు పోయినవారు దీని మీద ఆశ పెట్టుకోవద్దు. వాళ్ల కోసం జాక్ ఇన్హిబిటర్లు (రోగనిరోధక దాడి సంకేతాలను అడ్డుకునే మందులు) ఉన్నాయి: అమెరికాలో తీవ్రమైన పేనుకొరుకుడుకు బారిసిటినిబ్ 2022లో, పన్నెండేళ్లు దాటినవారికి రిట్లెసిటినిబ్ 2023లో అనుమతి పొందాయి.

మొదలుపెట్టే ముందు

మచ్చ ఇంకా పాకుతోందా, ఆగిందా అన్నది చూడాలి. అంచున ఉన్న వెంట్రుకలను యాభై అరవై కలిపి పట్టుకుని మెల్లగా లాగితే ఐదారుకు మించి ఊడివస్తుంటే జబ్బు చురుగ్గా ఉన్నట్టు. డెర్మోస్కోప్‌లో (చర్మాన్ని పెద్దదిగా చూపే పరికరం) చూస్తే కుదురు దగ్గర సన్నగా, కొన దగ్గర లావుగా ఉండే పొట్టి వెంట్రుకలు, నల్లటి చుక్కలు కనిపిస్తాయి. అలాంటప్పుడు ముందు దాడిని అదుపు చేసే మందు పడాలి. మచ్చ మీద పొట్టు రాలుతుంటే ఫంగస్ పరీక్ష చేయించాలి. చర్మం నున్నగా మారి, రంధ్రాలే కనిపించకపోతే అది కుదుళ్లే శాశ్వతంగా పోయే స్కారింగ్ అలోపీషియా రకం కావచ్చు. దానికి బయాప్సీ కావాలి, పీఆర్‌పీ కాదు.

రక్తపరీక్షల్లో హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్ల సంఖ్య, హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ తప్పనిసరి. థైరాయిడ్ పరీక్ష కూడా చేయిస్తే మంచిది, ఈ జబ్బుతో పాటు థైరాయిడ్ సమస్య ఉండటం మామూలే. ప్లేట్‌లెట్లు లక్ష కంటే తక్కువున్నా, హిమోగ్లోబిన్ 10 కంటే తక్కువున్నా, జ్వరమో తలలో చీముపొక్కులో ఉన్నా వాయిదా వేయాలి. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వారం ముందే ఆపేయాలి, అవి ప్లేట్‌లెట్లను మొద్దుబారుస్తాయి. గుండె కోసం ఆస్పిరిన్ వాడేవారు మాత్రం డాక్టరును అడగకుండా ఆపకూడదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేసి నెల కాని మచ్చలో పీఆర్‌పీ వేయించుకోవద్దు.

రక్తం, సెంట్రిఫ్యూజ్

ఫలితాన్ని తేల్చేది ఈ అరగంటే. సూది గుచ్చే చెయ్యి ఎంత నేర్పుగలదైనా ట్యూబులో ప్లేట్‌లెట్లు లేకపోతే లాభం లేదు.

ఒకటి రెండు మచ్చలకు 20 మి.లీ. రక్తం చాలు. 21 గేజ్ సూదితో, ఒకే గుచ్చుతో, నెమ్మదిగా తీయాలి. సన్నటి సూదితో లాగినా, నరం దొరక్క పదేపదే గుచ్చినా ప్లేట్‌లెట్లు అక్కడే ఉత్తేజితమై ట్యూబులో గడ్డలు కడతాయి. గడ్డకట్టకుండా ఏసీడీ-ఏ గానీ సోడియం సిట్రేట్ గానీ ఉండాలి, 20 మి.లీ. రక్తానికి సుమారు 2 మి.లీ. మామూలు రక్తపరీక్షకు వాడే ఈడీటీఏ ట్యూబు ప్లేట్‌లెట్ల ఆకారాన్ని దెబ్బతీస్తుంది. రక్తం పడగానే ట్యూబును ఎనిమిది పదిసార్లు తలకిందులు చేసి కలపాలి, గిలకొట్టకూడదు. గది 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్‌లో పెడితే చలికే ప్లేట్‌లెట్లు ఉత్తేజితమవుతాయి.

తర్వాత ట్యూబును సెంట్రిఫ్యూజ్‌లో, అంటే వేగంగా తిప్పి రక్తాన్ని పొరలుగా విడదీసే యంత్రంలో పెడతారు. రెండు తిప్పుళ్ల పద్ధతిలో మొదటిది మెల్లగా తిప్పేది: 200 జీ (భూమి ఆకర్షణకు 200 రెట్ల బలం) దగ్గర పది నిమిషాలు. అడుగున ఎర్రకణాలు, పైన పచ్చటి ప్లాస్మా, రెండింటి మధ్య సన్నటి తెల్లటి పొర ఏర్పడతాయి. పై ప్లాస్మాను, తెల్ల పొర పైభాగం దాకా, ఎర్రకణాలను కదపకుండా వేరే ట్యూబులోకి తీసి, దాన్ని 400 నుంచి 1000 జీ మధ్య మరో పది నిమిషాలు తిప్పాలి. అప్పుడు ప్లేట్‌లెట్లు అడుగున చేరతాయి. పైనున్న పలచటి ప్లాస్మాను తీసేసి, చివరి 3 మి.లీ.లో ఆ అడుగును నిదానంగా కలిపితే అదే పీఆర్‌పీ.

ఎక్కువచోట్ల పొరపాటు జరిగేది ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్ల సంఖ్య) దగ్గర. ఎవరో చెప్పిన 1500 ఆర్‌పీఎం అంకెను ఇంకో యంత్రంలో పెడతారు. అసలు బలం రోటర్ (ట్యూబులను పట్టి తిప్పే భాగం) వ్యాసార్ధాన్ని బట్టి మారుతుంది: వ్యాసార్ధాన్ని సెంటీమీటర్లలో తీసుకుని ఆర్‌పీఎం వర్గంతోనూ, 0.00001118తోనూ గుణించాలి. 10 సెం.మీ. రోటర్‌లో 1500 ఆర్‌పీఎం అంటే దాదాపు 250 జీ. అదే వేగం 16 సెం.మీ. రోటర్‌లో 400 జీ దాటుతుంది. మొదటి తిప్పుడే అంత గట్టిగా పడితే ప్లేట్‌లెట్లు ఎర్రకణాల మీదికి దిగిపోతాయి, మనం పైనుంచి తీసేది ఉత్త ప్లాస్మా. యంత్రం ఎన్ని జీ దగ్గర తిరుగుతోందో అడగండి. జవాబు చెప్పలేని చోట చేయించుకోకపోవడమే మేలు.

లెక్క కూడా వేసుకోవచ్చు. మైక్రోలీటరుకు 2.5 లక్షల ప్లేట్‌లెట్లున్న 20 మి.లీ. రక్తంలోంచి 70 శాతం ప్లేట్‌లెట్లను 3 మి.లీ.లోకి తేగలిగితే మైక్రోలీటరుకు 11 లక్షలు దాటుతాయి. గురి పది లక్షల చుట్టూ ఉండాలి. తయారైన దాంట్లోంచి ఒక చుక్కను సెల్ కౌంటర్‌లో పెట్టి చూసే క్లినిక్ దొరికితే అదృష్టమే. పీఆర్‌పీ గడ్డిరంగులోనో లేత గులాబీ రంగులోనో ఉండాలి. ఎర్రగా ఉంటే ఎర్రకణాలు కలిసినట్టే. నొప్పీ వాపూ పెరుగుతాయి.

కాల్షియం క్లోరైడ్ కలపడం అవసరమేమీ కాదు, చర్మంలోని కొల్లాజెన్ తగలగానే ప్లేట్‌లెట్లు వాటంతటవే తెరుచుకుంటాయి. కలిపితే మాత్రం నిమిషాల్లో గట్టిపడి సూది మూసుకుపోతుంది, వెంటనే వేసేయాలి.

ఎక్కించడం

తిమ్మిరెక్కే క్రీమును 45 నుంచి 60 నిమిషాల ముందు రాయాలి. లిడోకెయిన్‌ను పీఆర్‌పీలో కలపవద్దు. స్పిరిట్‌తో శుభ్రం చేసి ఆరనిచ్చాక, 30 గేజ్ సూదితో, ఒక సెంటీమీటరు దూరంలో ఒక్కో గుచ్చు, గుచ్చుకు 0.1 మి.లీ. మచ్చ లోపలే కాదు, అంచు దాటి అర సెంటీమీటరు దాకా వేయాలి, జబ్బు పాకేది అటే. 3 సెం.మీ. మచ్చకు ఈ అంచు కలిపితే దాదాపు 12 చదరపు సెంటీమీటర్లు, అంటే 1.2 మి.లీ. పీఆర్‌పీ పడుతుంది. కనుబొమ్మల దగ్గర రక్తనాళంలోకి పోతే చూపు పోయే ప్రమాదం ఉంది. అక్కడ అనుభవమున్న డాక్టరు తప్ప ఇంకెవరూ చేయకూడదు.

సిరంజీ, సూది, ట్యూబు మీ కళ్లముందే కవరు విప్పాలి, ట్యూబు మీద మీ పేరు ఉండాలి. అమెరికాలోని న్యూ మెక్సికోలో ఒక స్పాలో ముఖానికి పీఆర్‌పీ చేయించుకున్నవారికి హెచ్ఐవీ సోకిన సంగతిని అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2024లో నివేదించింది. ఇంట్లో చేసుకునే కిట్ల జోలికి పోవద్దని చెప్పడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

తర్వాత

ఆ రోజు తలస్నానం వద్దు. నొప్పికి పారాసిటమాల్ వేసుకోవచ్చు, ఇబుప్రోఫెన్ మాత్రం మరో వారం వద్దు. నుదుటి మీదికి వాపు దిగితే రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. ఎరుపు పెరుగుతూ జ్వరమో చీమో వస్తే ఆగకుండా చూపించుకోవాలి.

నెలకొకటి చొప్పున మూడుసార్లు వేయించాలి. ప్రతిసారీ అదే వెలుతురులో, అదే దూరం నుంచి, మచ్చ పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయాలి. మొదట వచ్చేవి సన్నటి తెల్లటి నూగు వెంట్రుకలు. రంగు, మందం తర్వాత వస్తాయి. చిన్న మచ్చలు ఏడాదిలోగా వాటంతటవే నిండటం మామూలే కాబట్టి, రెండు మచ్చలుంటే ఒకదాన్ని వదిలేసి రెండోదానికే వేయించి పోల్చుకోవడం నిజాయితీ అయిన పద్ధతి. రెండూ ఒకేలా నిండితే అది పీఆర్‌పీ గొప్ప కాదు. మూడో విడత తర్వాత రెండు నెలలకూ నూగైనా కనిపించకపోతే నాలుగోది అమ్మజూపినా ఒప్పుకోకుండా వేరే చికిత్సకు మారాలి.