జబ్బు కుక్కపిల్లను అంటగట్టిన బ్రీడర్ నుంచి డబ్బు ఎలా రాబట్టుకోవాలి?

ఇంటికొచ్చిన రెండో రోజో మూడో రోజో కుక్కపిల్ల తిండి మానేస్తుంది. మూలన ముడుచుకుని పడుకుంటుంది. తర్వాత వాంతులు, ఆపైన నెత్తురు విరేచనాలు. బ్రీడర్‌కి ఫోన్ చేస్తే "ప్లేస్ మారింది కదండీ, రెండు రోజుల్లో సర్దుకుంటుంది" అంటాడు. మర్నాడు చేస్తే "అసలు మీరేం పెట్టారు దానికి?" అని ఎదురు అడుగుతాడు. ఆ తర్వాత ఫోనే ఎత్తడు.

ఈ గొడవలు ఎన్ని రకాలుగా మొదలైనా చివరికి ఒక్క ప్రశ్న దగ్గరే తేలతాయి. జబ్బు మీ గడప తొక్కకముందే పిల్లలో ఉందా, మీ ఇంటికొచ్చాక తగిలిందా? అమెరికాలో కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో దీనికి ప్రత్యేక చట్టాలే ఉన్నాయి. అక్కడ బ్రీడర్ దగ్గర కొన్న పిల్లకు 15 రోజుల్లో జబ్బు బయటపడినా, ఏడాదిలోపు పుట్టుకతో వచ్చిన లోపం తేలినా కొన్నవాళ్ళకు హక్కులు ఉంటాయి. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. మామూలు వినియోగదారుల చట్టంతోనే పని జరగాలి కాబట్టి రుజువులు కూడబెట్టుకోవాల్సింది మనమే. అవి దొరికేది మొదటి రెండు మూడు రోజుల్లోనే.

ముందు డాక్టరు, తర్వాతే బ్రీడర్

బ్రీడర్ వాట్సాప్‌లో పంపిన మందుల పేర్లు పట్టుకుని మెడికల్ షాపుకి వెళ్ళకండి. పార్వో, అంటే పేగుల్ని దెబ్బతీసే వైరస్ జబ్బు అయితే ఒంట్లో నీరంతా పోయి చిన్న పిల్ల రెండు మూడు రోజుల్లోనే చనిపోవచ్చు. అదే రోజు పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి. ప్రాణం దక్కాలన్నా, కేసు నిలవాలన్నా దారి అదే.

మన దగ్గర చాలామంది డాక్టర్లు చీటీ మీద మందులు మాత్రమే రాసి ఇస్తారు. అది చాలదు. తేదీ, పిల్ల వయసు, బరువు, జ్వరం ఎంత, చిగుళ్ళు పాలిపోయాయా, లక్షణాలు ఎప్పటి నుంచి ఉన్నాయి, ఏ పరీక్ష చేశారు, ఫలితం ఏమిటి అన్నవన్నీ రాసివ్వమని అడగండి. అడిగితే ఎవరూ కాదనరు. మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్) ఉంటే దాని నంబరు, లేకపోతే రంగు, మచ్చలు కూడా రాయించండి. "అది నేనిచ్చిన పిల్లే కాదు" అనే బ్రీడర్లు ఉంటారు మరి.

పార్వోకి మలంతో చేసే రాపిడ్ టెస్టు నిమిషాల్లో తేలుతుంది. కానీ దాని మీద ఒక అడ్డువాదన రావచ్చు. నాలుగైదు రోజుల కిందటే టీకా వేసి ఉంటే, ఆ టీకాలోని బలహీనపరిచిన వైరస్ వల్ల కూడా ఒక్కోసారి కిట్ మీద లేత గీత పడుతుంది. అందుకని రక్తపరీక్ష కూడా చేయించండి. పార్వోలో తెల్లకణాలు బాగా పడిపోతాయి. రెండు రిపోర్టులూ, డాక్టరు రాసిన లక్షణాలూ ఒకే మాట చెబితే టీకా వాదన నిలబడదు. టెస్టు కిట్‌ని పిల్ల పేరు, తేదీ కనిపించేలా ఫొటో తీసుకోండి.

ఇంట్లో వేరే కుక్క ఉంటే వెంటనే విడిగా ఉంచండి.

పిల్ల చనిపోతే

బాధలో వెంటనే పాతిపెట్టేస్తాం. కేసు కూడా అక్కడే మట్టిలో కలిసిపోతుంది. పోస్టుమార్టం చేయించండి. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతిలోని వెటర్నరీ కాలేజీల్లో పాథాలజీ విభాగాలు ఉన్నాయి. దూరమైతే దగ్గర్లోని ప్రభుత్వ పశువుల ఆసుపత్రిలో అడగండి. తీసుకెళ్ళేదాకా కవర్లో చుట్టి ఐసు మధ్య ఉంచాలి. డీప్ ఫ్రీజర్లో గడ్డకట్టిస్తే కణజాలం దెబ్బతిని పరీక్ష సరిగా రాదు. ఒక్క రోజులోపు చేరిస్తే మంచిది.

రోజులు లెక్కపెట్టండి

మీ కేసుకు వెన్నెముక ఇదే. ప్రతి జబ్బూ ఒంట్లోకి చేరాక బయటపడటానికి కొంత వ్యవధి తీసుకుంటుంది. పిల్ల మీ చేతికొచ్చిన తేదీ నుంచి మొదటి లక్షణం కనిపించిన తేదీ వరకు ఎన్ని రోజులో చూడండి.

పార్వో సాధారణంగా 3 నుంచి 7 రోజుల్లో బయటపడుతుంది, కొన్నిసార్లు రెండు వారాల వరకు పట్టొచ్చు. శనివారం సాయంత్రం తెచ్చిన పిల్లకు సోమవారం ఉదయం వాంతులు మొదలయ్యాయంటే ఆ వైరస్ మీ ఇంట్లో అంటింది కాదని ఏ డాక్టరైనా రాసిస్తారు. ఐదో రోజు, ఆరో రోజు అయితే అవకాశం ఇంకా బ్రీడర్ వైపే మొగ్గుతుంది. కానీ ఈలోపు మీరు పిల్లను పార్కుకు తిప్పి ఉంటే ఆ సంగతి అవతలివాళ్ళు తప్పకుండా ఎత్తుతారు. మూడు వారాలు దాటాక వచ్చిన పార్వోకి బ్రీడర్‌ని పట్టుకోవడం దాదాపు కుదరదు, అందులో టెన్షన్ పడి లాభం లేదు.

డిస్టెంపర్ అనే మరో వైరస్ జబ్బు అలా కాదు. ముక్కు కారడం, కళ్ళ పుసులు, తర్వాత వణుకు, ఫిట్సు... ఇవి రెండు మూడు వారాల తర్వాత మొదలైనా మూలం బ్రీడర్ దగ్గరే ఉండొచ్చు. పిడుదుల వల్ల వచ్చే జ్వరానికి కూడా రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టి ఒంటి మీద పిడుదులు ఎప్పుడు చూశారన్నది ముఖ్యం. తెచ్చిన రోజే కనిపిస్తే ఫొటో తీసి పెట్టుకోండి. అంగిలి చీలిక, బొడ్డు దగ్గర హెర్నియా, గుండె నిర్మాణంలో లోపం లాంటివి పుట్టుకతో వచ్చేవి, వాటికి రోజుల లెక్కే అక్కర్లేదు. తుంటి కీలు లోపం మాత్రం నెలల తర్వాత బయటపడుతుంది. వంశంతో పాటు తిండి, బరువు కూడా కారణమవుతాయి కాబట్టి దాని మీద గెలవడం కష్టం.

"ఫుడ్ మార్చారు, అందుకే" అన్నది బ్రీడర్లందరి నోటా వచ్చే మాట. తిండి మారితే విరేచనాలు అవ్వొచ్చు, పార్వో రాదు. అది వైరస్. ఈ ముక్క కూడా డాక్టరు చేత రాయించుకోండి.

వ్యాక్సిన్ కార్డును తిరగేసి చూడండి

రంగురంగుల కార్డు చేతిలో పెట్టి "ఫస్ట్ డోస్ అయిపోయిందండీ" అంటారు. నిజంగా టీకా వేస్తే సీసా మీది చిన్న స్టిక్కర్‌ని పీకి కార్డులో అంటిస్తారు. దాని మీద టీకా పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. పక్కనే డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరుతో స్టాంపు ఉండాలి. స్టిక్కర్ లేకుండా పెన్నుతో తేదీ ఒక్కటే రాసి ఉంటే ఆ కార్డుకు విలువ లేదు. ఇంకా చూడండి: స్టిక్కర్ మీద తయారీ తేదీ ఉండి, అది టీకా వేశామన్న తేదీ కన్నా తర్వాతిదైతే కార్డు ఎవరో కూర్చుని నింపారన్నమాట. స్టాంపులో పేరున్న డాక్టరుకు ఫోన్ చేసి ఈ పిల్లను చూశారా అని అడగండి. చూడలేదంటే అదే మాట మెసేజ్‌లో పెట్టమనండి.

పుట్టిన తేదీ కూడా సరిచూడాలి. 2017లో కేంద్రం తెచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి, అమ్మే పిల్లకు మైక్రోచిప్ ఉండాలి. పాలపళ్ళు చూసి డాక్టరు వయసు అంచనా వేయగలరు. రెండు నెలలని చెప్పి ఐదు వారాల పిల్లను ఇచ్చారని తేలితే మీ కేసు సగం బలపడినట్టే. రిజిస్ట్రేషన్ ఉందా అని బ్రీడర్‌ని మెసేజ్‌లోనే అడగండి. జవాబు ఇవ్వకపోవడం కూడా పనికొస్తుంది.

ఒక సంగతి. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా, అంటే కేసీఐ కాగితాలు వంశం గురించి చెబుతాయి, ఆరోగ్యం గురించి కాదు. "కేసీఐ పప్పీ" అని పది వేలు ఎక్కువ తీసుకున్నంత మాత్రాన జబ్బు లేదని కాదు.

వీటితో పాటు అమ్మకానికి పెట్టిన ప్రకటన, బేరం జరిగిన చాట్, ఫోన్‌పే లేదా బ్యాంకు రసీదు అన్నీ స్క్రీన్‌షాట్ తీసి వేరేచోట దాచండి. గొడవ మొదలవగానే ఇన్‌స్టా పోస్టులు మాయమవుతాయి. బ్రీడర్ పేజీలో పాత ఈతల పిల్లల పోస్టులు కూడా తీసి పెట్టండి. "నేను వ్యాపారిని కాదు, మా ఇంటి కుక్క ఈనితే ఒక పిల్లను ఇచ్చాను" అన్నప్పుడు అవే జవాబు.

బ్రీడర్‌కి రాతపూర్వకంగా చెప్పండి

ఫోన్లో అరుచుకుంటే మిగిలేది గొంతు నొప్పి. డాక్టరు రిపోర్టు చేతికి రాగానే వాట్సాప్‌లో ఇలా పంపొచ్చు:

"నమస్తే అండీ. 8వ తేదీన మీ దగ్గర 25,000 రూపాయలకు లాబ్రడార్ పిల్లను కొన్నాం. 10వ తేదీ ఉదయం నుంచి వాంతులు, విరేచనాలు. అదే రోజు చేసిన పరీక్షలో పార్వో అని తేలింది. రిపోర్టులు జత చేశాను. వైద్యం నడుస్తోంది. తల్లి కుక్క, మిగతా పిల్లల ఆరోగ్యం గురించి, టీకా వేసిన డాక్టరు వివరాలు తెలియజేయండి. పిల్ల ధర, వైద్యం ఖర్చు భరించాలని కోరుతున్నాను. ఏడు రోజుల్లో జవాబు ఇవ్వగలరు."

ఇందులో తిట్లు లేవు, బెదిరింపు లేదు. రేపు ఇది వినియోగదారుల కమిషన్ ముందుకు వెళ్ళే కాగితం. మిగతా పిల్లల గురించి అడగడం ఊరికే కాదు. అదే ఈతలో మరో పిల్లకు కూడా జబ్బు చేసిందని తెలిస్తే, దాన్ని కొన్నవాళ్ళు మీకు సాక్షులు. సోషల్ మీడియాలో "మోసగాడు" అని పోస్టు పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. కేసు మీ మీదకు తిరుగుతుంది.

"తెచ్చి ఇచ్చేయండి, ఇంకోటి ఇస్తా"

చాలామంది ఇక్కడే పడిపోతారు. జబ్బు పిల్లను తిరిగి ఇచ్చేస్తే రుజువు అతని చేతికి వెళ్ళిపోతుంది, ఆ పిల్లకు వైద్యం చేయిస్తాడన్న నమ్మకమూ తక్కువే. ఇక కొత్త పిల్ల కూడా అదే షెడ్డు నుంచి వస్తుంది. పైగా పార్వో వైరస్ ఇంట్లో నేల మీద, గిన్నెల్లో, పరుపుల్లో నెలల తరబడి బతికి ఉంటుంది. మామూలు ఫినాయిల్‌కి చావదు. ఒక వంతు బ్లీచ్‌కి ముప్పై వంతుల నీళ్ళు కలిపి, ముందు సబ్బుతో కడిగిన నేల మీద పది నిమిషాలు నిలిచేలా తుడవాలి. టీకాలు పూర్తికాని పిల్లను ఆ ఇంట్లోకి తేవడమంటే మరో ప్రాణాన్ని పణంగా పెట్టడమే. డబ్బు వాపసు అడగండి. పిల్ల కోలుకుంటుంటే దాన్ని మీ దగ్గరే ఉంచుకుని వైద్యం ఖర్చు అడగండి.

సగం ఇస్తానంటే? వైద్యం ఇంకా నడుస్తుంటే "ఇక ఏ క్లెయిమూ లేదు" అన్న కాగితం మీద సంతకం చేయకండి. మొత్తం బిల్లు తేలాక మీకు సమ్మతమైతే రాజీపడండి. సగం డబ్బు ఇప్పుడే చేతికి రావడం కూడా తక్కువేమీ కాదు.

నోటీసు, ఆ తర్వాత కమిషన్

ఏడు రోజుల్లో కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్ళు తీర్పు ఇవ్వరు, అవతలివాళ్ళతో మాట్లాడి చూస్తారు. దాంతో పాటే 15 రోజుల గడువుతో నోటీసు స్పీడ్ పోస్టులో పంపి డెలివరీ రుజువు దాచుకోండి. దానికి లాయరే ఉండాలని లేదు.

అప్పటికీ దారికి రాకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు. చట్టం దృష్టిలో కుక్కపిల్ల కూడా సరుకే, ఫ్రిజ్‌తో పాటు అదే వరసలో. వినడానికి బాధగా ఉన్నా మనకు దారి చూపించేది ఆ మాటే. బ్రీడర్ బెంగళూరులో ఉండి పిల్లను బస్సులో పంపినా మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్ళు, అయినా అంతదాకా ఆగొద్దు.

ఫిర్యాదులో కథ కన్నా తేదీల పట్టిక బాగా పనిచేస్తుంది: కొన్న రోజు, మొదటి లక్షణం, పరీక్ష, మెసేజ్, నోటీసు, ఒక్కోదాని పక్కన దాని కాగితం నంబరు. వాట్సాప్ ప్రింట్లకు, అవి అసలైనవేనని చెప్పే సర్టిఫికెట్‌ను భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 కింద జత చేయాలి. పిల్ల ధర, వైద్యం ఖర్చు, మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు అడగండి. పాతిక వేల పిల్లకు పది లక్షల పరిహారం రాస్తే మీ మాట తేలికవుతుంది.

"నో రిఫండ్" అని రసీదులో రాసుంటుంది, లేదా "48 గంటల గ్యారంటీ" అని ఉంటుంది. పార్వో బయటపడే వ్యవధి చూస్తే ఆ 48 గంటలు ఎవరి మేలు కోసం పెట్టారో అర్థమవుతుంది. ఆ కాగితం చూసి ఆగిపోకండి. బిల్లు ఇవ్వకపోవడాన్నీ, బిల్లులో గడువు ఏమీ లేనప్పుడు లోపమున్న సరుకును 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోకపోవడాన్నీ ఈ చట్టమే అనుచిత వ్యాపార పద్ధతులంటుంది.

నకిలీ కార్డు, వయసు అబద్ధం లాంటివి ఉంటే రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డుకు, జిల్లా పశుసంవర్ధక అధికారికి వేరుగా ఫిర్యాదు ఇవ్వండి. దాంతో మీ డబ్బు రాదు గానీ మిగతా పిల్లల్ని ఎవరో ఒకరు వెళ్ళి చూసే అవకాశం ఉంటుంది. అడ్వాన్స్ తీసుకుని అసలు పిల్లనే పంపకపోతే అది సైబర్ మోసం, 1930కి వెంటనే చెప్పాలి.

తీర్పు మీకు అనుకూలంగా వచ్చినా బ్రీడర్ డబ్బు కట్టకుండా నాన్చొచ్చు. ఆదేశంలో ఇచ్చిన గడువు దాటగానే అదే కమిషన్‌లో అమలు పిటిషన్ వేయండి. ఆదేశాన్ని పాటించనివాళ్ళకు నెల నుంచి మూడేళ్ళ దాకా జైలు, లేదా 25,000 నుంచి లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ వేసే అధికారం కమిషన్‌కి ఉంది.