వెబ్ పేజీలో కొలతలు తప్పినప్పుడు: సమస్య – పరిష్కారం

అనంతపురం టవర్ క్లాక్ దగ్గరి ఒక విత్తనాల దుకాణం కోసం నేను తయారుచేసిన పేజీలో ఎదురైన చిక్కులివి. పేజీ రూపురేఖలను నిర్ణయించే స్టైల్ షీట్ రాసింది నేనే కనుక తప్పులూ నావే.

సమస్య: జాబితాలో లోపలికి వెళ్లేకొద్దీ అక్షరాలు చిన్నవైపోతున్నాయి. 'వేరుశనగ' అన్న మాట ఎలాగో చదవగలిగినా, దాని కిందున్న 'కదిరి రకాలు' కళ్లు చిట్లించి చూడవలసి వచ్చింది. ఆ లోపలి 'కదిరి 6' చీమ తలకాయంత అయింది.

కారణం: జాబితాలకు ఫాంట్ సైజు, అంటే అక్షరాల సైజు, 0.8 ఈఎమ్ (em అనే కొలత) అని ఇచ్చాను. ఫాంట్ సైజుకు వాడినప్పుడు ఈఎమ్ తన పేరెంట్ ఎలిమెంట్ (దాన్ని చుట్టి ఉన్న పై భాగం) అక్షరాల సైజును బట్టి లెక్కకు వస్తుంది కాబట్టి, మామూలుగా ఉండే 16 పిక్సెళ్లు మొదటి జాబితాలో 12.8, రెండోదానిలో 10.24, మూడోదానిలో 8.19 అయ్యాయి. వెనుకటి రోజుల్లో శేరు ఊరికొక తీరుగా ఉన్నట్టే ఇదీను.

పరిష్కారం: రెమ్ (rem) అనే కొలత వాడాలి. అది ఎంత లోపల ఉన్నా పేజీ అంతటినీ చుట్టి ఉండే మూల ఎలిమెంట్ అక్షరాల సైజునే చూస్తుంది. అయితే 12.8 పిక్సెళ్లలో తెలుగు వత్తులు అలికినట్టు కనిపిస్తాయి గనుక నేను 1 రెమ్ ఇచ్చాను. పిక్సెళ్లలో ఇచ్చి ఉంటే, చూపు తగ్గిన రైతు బ్రౌజర్ సెట్టింగులలో అక్షరాల సైజు పెంచుకున్నా అవి పెరిగేవి కావు.

సమస్య: రెండు వరుసల శీర్షికలో పై వరుస 'విత్తనాలు'లోని త వత్తు, కింది వరుస 'రేపటి'లోని గుడిమీద పడుతోంది.

కారణం: బాడీకి (పేజీలో కనిపించే భాగమంతటికీ) లైన్ హైట్, అంటే వరుస ఎత్తు, 1.6 ఈఎమ్ అని ఇచ్చాను. అది అక్కడే 25.6 పిక్సెళ్లుగా స్థిరపడి, 32 పిక్సెళ్ల శీర్షికకూ అదే సంక్రమించింది. ఇంగ్లీషు శీర్షికైతే ఇరుకుగా ఉన్నా నెట్టుకొచ్చేదేమో గానీ, పైనా కిందా గుర్తులుండే మన లిపికి అంత చోటు చాలదు.

పరిష్కారం: యూనిట్ తీసేసి 1.6 అని మాత్రమే రాయాలి. అప్పుడు శీర్షిక తన సైజుతోనే గుణించుకుని 51.2 పిక్సెళ్లు తీసుకుంటుంది.

సమస్య: ఫోన్‌లో అడుగునున్న 'కాల్ చేయండి' బటన్ కనిపించదు.

కారణం: పేజీకి నేనిచ్చిన 100 వీహెచ్ (vh అంటే తెర ఎత్తులో నూరో వంతు) ఎత్తును మొబైల్ బ్రౌజర్లు అడ్రస్ బార్ దాగినప్పటి తెరను బట్టి లెక్కిస్తాయి.

పరిష్కారం: 100 డీవీహెచ్ (dvh, అడ్రస్ బార్ కనిపించినా దాగినా అప్పటి తెర ఎత్తును బట్టి మారేది) ఇవ్వాలి. పాత బ్రౌజర్ల కోసం దానికి ముందు వరుసలో 100 వీహెచ్ ఉంచితే చాలు.

కంప్యూటర్‌లో పేజీ పక్కకు జరుగుతుంటే 100 వీడబ్ల్యూను (vw అంటే తెర వెడల్పులో నూరో వంతు) అనుమానించండి. అది స్క్రోల్ బార్ వెడల్పును కూడా కలుపుకుంటుంది. దాని బదులు 100 శాతం ఇస్తే సరిపోతుంది.