మోటార్‌సైకిల్ బరువు తగ్గించడం ఎలా?

బండి బరువు తగ్గించాలనుకునేవారిలో ఎక్కువమంది మొదట విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లి సైలెన్సర్ బేరమాడతారు. ఆ వరుస తప్పు. సైలెన్సర్ మారిస్తే బరువు తగ్గే మాట నిజమే కాని, చప్పుడు పెరుగుతుంది, దానితోపాటు ఉండే, పొగలోని విషవాయువులను తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్ చాలాసార్లు పోతుంది, కంపెనీ ఇచ్చిన రూపం మారుతుంది కనుక మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌తో తగాదా మొదలవుతుంది. పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ ఒక్కటి తీసి తేలికైన లిథియంది పెడితే ఈ చిక్కులేవీ లేకుండా సుమారు రెండు కిలోలు తగ్గుతాయి. గుంటూరులో నా బళ్లకూ, బంధువుల బళ్లకూ ఈ పని ఎన్నోసార్లు చేశాను. పాడైనవాటిని చూసిందీ అంతకు ఎక్కువే.

పది నంబరు స్పానర్, స్టార్ స్క్రూడ్రైవర్, అలెన్ కీల సెట్టు, డిజిటల్ మల్టీమీటర్ ఉంటే చాలు. మల్టీమీటర్‌లో కొత్త సెల్ వేసుకోవాలి. సెల్ నీరసించిన మీటరు ఉన్న వోల్టేజీకన్నా ఎక్కువ చూపిస్తుంది.

ముందుగా బండిని తూచాలి. లారీలు తూచే వేబ్రిడ్జి కిలో, అరకిలో తేడాను పట్టుకోలేదు కాబట్టి, మిర్చి టిక్కీలు తూచే ఎలక్ట్రానిక్ కాటా ఉన్న కమిషన్ కొట్టుకు పొద్దున్నే వెళ్లి అడగడం మేలు. ముందు చక్రాన్ని కాటా మీద, వెనక చక్రాన్ని అంతే ఎత్తున్న చెక్క మీద నిలిపి, బండిని నిటారుగా పట్టుకుని ఒకసారి తూచాలి; తరువాత చక్రాలు మార్చి మరొకసారి తూచి రెండూ కూడాలి. లీటరు పెట్రోలు ముప్పావు కిలోకు దగ్గరగా తూగుతుంది కనుక తూచిన ప్రతిసారీ ట్యాంకు రిజర్వులోనే ఉండాలి. క్లాసిక్ 350కి ట్యాంకు దాదాపు నిండుగా ఉన్నప్పుడు 195 కిలోలని రాయల్ ఎన్‌ఫీల్డ్ లెక్క. నా బండి రిజర్వు పెట్రోలుతోనే 202 తూగింది. ఆ అదనమంతా నేను బిగించిన లెగ్ గార్డులు, క్యారియర్, పక్క పెట్టెల రాడ్లే.

కాబట్టి మనం తగిలించినవి ముందు ఊడదీయాలి. ఇది అరగంట పని. అయితే చీర గార్డు, వెనక కూర్చున్నవారు పట్టుకునే హ్యాండిల్, వారి ఫుట్‌రెస్టులు తీయకూడదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది వీటిని తప్పనిసరి చేసింది, చున్నీ చక్రంలో చిక్కుకుంటే జరిగేది అందరికీ తెలిసినదే. మెయిన్ స్టాండ్ కూడా తీయకూడదు, అది లేనివారు చైన్‌కు ఆయిల్ వేయడం మానేస్తారు. చైన్ తిరిగే వెనక పళ్లచక్రం, అంటే స్ప్రాకెట్, స్టీలుదే ఉండాలి, అల్యూమినియంది మన దుమ్ములో త్వరగా అరుగుతుంది. బ్రేక్ కాలిపర్‌కూ, యాక్సిల్‌కూ తేలిక బోల్టులు వాడే ఆలోచనే రానీయకూడదు.

ఇక బ్యాటరీ. చాలామంది బండిని పాడుచేసుకునేది ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి. పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ స్థానంలో పెట్టే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో నాలుగు సెల్స్ వరుసగా ఉంటాయి. ఒక్కో సెల్ తట్టుకునే గరిష్ఠం 3.65 వోల్టులు, అంటే మొత్తానికి 14.6. లెడ్ బ్యాటరీకి కాస్త ఎక్కువ అందినా నీరు ఇంకిపోవడంతో సరిపెట్టుకుంటుంది కాని, లిథియం అలా సర్దుకోదు.

అందువల్ల కొత్తది కొనకముందే, పాత బ్యాటరీ బండిలో ఉండగానే, చార్జింగ్ కొలవాలి. చల్లని ఇంజన్ మీద కొలిచిన అంకెను నమ్మవద్దు. అరగంట నడిపి, బ్యాటరీకి వెళ్లే కరెంటును అదుపుచేసే రెక్టిఫైయర్ వేడెక్కాక, మీటరును 20 వోల్టుల డీసీలో ఉంచి, ఎర్ర తీగను పాజిటివ్‌కు, నల్ల తీగను నెగెటివ్‌కు ఆనించాలి. ఐడిల్‌లో ఒకసారి, మరొకరు యాక్సిలరేటర్‌ను మెల్లగా పెంచుతూ ఉండగా ఒకసారి, హైబీమ్ వేసి ఒకసారి చూడాలి. రేసు పెంచినప్పుడు అంకె 13.8 నుంచి 14.6 మధ్య నిలబడితే కొనవచ్చు. దానికి పైన కదలాడుతుంటే ముందు రెక్టిఫైయర్ మార్చాలి. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఈ పరీక్ష మరొకసారి చేయడం నా నియమం.

ఒకసారి నేను ఈ పరీక్ష మానేశాను. సూర్యలంక వెళ్లి తిరిగివస్తుంటే బాపట్ల దాటాక హెడ్‌లైట్ ఒక్కసారి భగ్గున వెలిగి తగ్గింది. ఆపి సీటు తీస్తే, బ్యాటరీ పక్కగోడలు ఉబ్బి పెట్టెకు బిగుసుకుపోయాయి. చేయి ఆనించలేనంత వేడి. తరువాత కొలిస్తే 15.3 వోల్టులు వస్తున్నాయి. వోల్టేజీ మితిమీరినప్పుడు లిథియం బ్యాటరీలోని రక్షణ సర్క్యూట్ లింకు తెంచేస్తుంది. అప్పుడు కరెంటును ఇంకించుకునేది లేక వోల్టేజీ ఎగసి బల్బులను, ఒక్కోసారి ఇంజన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్ ఈసీయూను కూడా కాల్చేస్తుంది. రెండు కిలోల కోసం ఈసీయూ పోగొట్టుకోవడం తెలివైన పని కాదు.

కొనేటప్పుడు డబ్బా మీద పెద్ద అక్షరాల్లోని ఆంపియర్ అంకెను చూసి తృప్తిపడవద్దు. చాలాసార్లు అది లెడ్ బ్యాటరీతో పోల్చి వేసిన అంకె, అసలు సామర్థ్యం అందులో మూడోవంతే ఉండవచ్చు. బ్యాటరీ దాచుకోగల శక్తిని చెప్పే వాట్ అవర్లు (వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే వచ్చేవి) ఎంతో చూడాలి. 12 వోల్టుల 8 ఆంపియర్ అవర్ల పాత బ్యాటరీ 96 వాట్ అవర్లది. కొత్తది అందులో సగమైనా లేకపోతే ఫోన్ చార్జర్ పెట్టుకునేవారికి పనికిరాదు.

బిగించడంలో చిక్కు లేదు. తీసేటప్పుడు నెగెటివ్ ముందు, పెట్టేటప్పుడు పాజిటివ్ ముందు. అప్పుడు స్పానర్ ఫ్రేముకు తగిలినా నిప్పురవ్వలు రావు. కొత్తది చిన్నదిగా ఉంటుంది కనుక చుట్టూ ఫోమ్ ముక్కలు బిగువుగా కూర్చి, పాజిటివ్ మీద పాత ట్యూబు ముక్క కప్పాలి. ఇంట్లో ఉన్న లెడ్ బ్యాటరీ చార్జర్‌ను దీనికి తగిలించకూడదు. వాటిలో కొన్ని లెడ్ పలకలకు పట్టిన సల్ఫేట్ వదిలించడానికి పంపే ఎక్కువ వోల్టేజీ లిథియం సెల్స్‌ను చంపుతుంది. ఒక రాత్రి బండిని కదపకుండా ఉంచి, పొద్దున్నే కొలిస్తే 13.2 దగ్గర ఉండాలి, 12.8కి దిగితే ఎక్కడో కరెంటు కారుతోందని అర్థం, హారన్ వైరింగ్ నుంచి వెదకడం మొదలుపెట్టాలి.