మేత చల్లినా వాలుగ రావడం లేదా? తప్పు ఎక్కడుందో ఇలా వెతకండి

గాలానికి గుచ్చేది ఎర, నీటిలో చల్లేది మేత. ఈ రెండింటి పనీ ఒకటే అనుకోవడం దగ్గరే సగం ఇబ్బందులు మొదలవుతాయి. వాలుగ, జెల్ల, మార్పు, ఇంగిలాయి లాంటి మీసాల చేపలు కంటి మీద ఆధారపడి తిండి వెతకవు. మీసాల మీదే కాదు, ఒంటి మీద చర్మమంతటా వాటికి రుచిమొగ్గలు ఉంటాయి. అందుకే వానకు ఎర్రబడిన నీటిలో, చీకట్లో కూడా అవి తిండి దగ్గరికి సూటిగా వస్తాయి. మేత పని ఆ రుచినీ వాసననీ నీటిలోకి వదలడం వరకే. కడుపు నింపే పని దానికి అప్పగిస్తే ఎరను పట్టించుకునే చేప ఉండదు.

గోదావరి పాయల్లో, ఊరి చెరువుల్లో గాలం వేసేవారికి తరచుగా ఎదురయ్యే ఇబ్బందులు ఇవి. వీటిలో చాలావరకు నేను స్వయంగా చేసిన తప్పులే.

గంట దాటింది, బెండు కదలడం లేదు

వెంటనే ఎర మార్చకండి. మేత ఎక్కడ పడిందో, గాలం ఎక్కడ ఉందో ముందు చూడండి. పారే నీటిలో మేత ఉండ వేసినచోట దిగదు, అడుగుకు చేరేలోపు ప్రవాహం దాన్ని దిగువకు తోసుకుపోతుంది. ఒడ్డు పక్కన అడుగు కనిపించే చోట ఒక ఉండ వేసి, అది నేల తాకేసరికి ఎంత దూరం పోయిందో గమనించండి. లోతైన చోట అంతకంటే ఎక్కువే పోతుంది.

చేప వాసన పట్టుకుని దిగువ నుంచి ఎగువకు ఈదుతుంది. దాని దారిలో ఎర ముందు తగలాలి, మేత ఆ తర్వాత ఉండాలి. అంటే గాలం మేతకు దిగువన రెండు బారల దూరంలో ఉండాలన్నమాట. నేను చాలాకాలం దీన్ని తలకిందులుగా చేశాను. నాకు దిగువన కూర్చునే ఒక పెద్దాయన సంచి మాత్రం రోజూ నిండేది. చివరికి ఆయనే జాలిపడి, "బాబూ, నువ్వు మేత వేస్తున్నావు, చేపలు నాకు వస్తున్నాయి. ఇంకాస్త ఎగువన వేసుకో" అన్నారు.

చెరువులో లెక్క వేరు. నిలవ నీటిలో వాసన తనంతట తాను దూరం పోదు. సాయంత్రం నాలుగింటికి రెండు మూడు చోట్ల కొద్దికొద్దిగా మేత వేసి వదిలేయండి. చీకటి పడే వేళకు గాలంతో అక్కడికి వెళ్లండి. ఈ చేపలు తిరిగేది ఎక్కువగా రాత్రిపూటే కాబట్టి మధ్యాహ్నం ఎండలో బెండు కదలలేదని బాధపడనక్కరలేదు.

మేత సరిగానే పడినా ఫలితం లేకపోతే ఇంకో రెండు కారణాలు వెతకాలి. ఒకటి, ఎర అడుగుకు అందకుండా మధ్యలో వేలాడుతూ ఉండవచ్చు. బెండును పైకి జరిపి, ఎర నేలను తాకేలా సర్దండి. రెండోది మీ చేతులు. దోమలకు పూసుకున్న క్రీము, సబ్బు, సిగరెట్టు వాసన ఎరకు అంటుకుంటాయి. ఎర గుచ్చే ముందు మేత పిండితోనే చేతులు రుద్దుకుంటే సరిపోతుంది.

పరికలు, తిలాపియా తప్ప ఏమీ పడటం లేదు

దీన్ని సమస్య అనుకునేవారే ఎక్కువ. నా లెక్కలో ఇది సగం విజయం. తవుడు, వేరుశనగ చెక్క కలిపిన మేత వాసనకు ముందు చేరేవి పరికల్లాంటి చిన్న చేపలే. వాలుగకు పిండి మీద పెద్దగా ఆశ ఉండదు. అది వేటాడి తినే చేప, దాని చూపు ఆ పరికల మీద ఉంటుంది. మేత పరికలను పిలుస్తుంది, పరికలు వాలుగను పిలుస్తాయి. తప్పు జరుగుతున్నది గాలం దగ్గర. వానపామునో పిండి ముద్దనో చిన్న గాలానికి గుచ్చితే పరికలు దాన్ని కొరికి లాగేస్తాయి, వాలుగ వచ్చేసరికి ఖాళీ ఇనుమే మిగులుతుంది.

పడిన పరికల్లో ఒకదాన్ని ముక్కగా కోసి పెద్ద గాలానికి గుచ్చండి. గాలానికి దగ్గరగా ఉండే మూరెడు దారం మిగతాదానికంటే మందంగా ఉండాలి. వాలుగ నోట్లో సన్నని పళ్లు బద్దెలుగా ఉంటాయి, సన్నని నైలాన్ దారాన్ని అవి అరగదీస్తాయి. ముక్క మీద కూడా పరికలు పడుతుంటే కోడి గుండె వాడండి, కోడి కాలేయం వద్దు. కాలేయం మెత్తన, తొందరగా ఊడిపోతుంది.

వాలుగ మునుపటంతగా దొరకడం లేదు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ దీన్ని ముప్పు పొంచివున్న జాతుల జాబితాలో చేర్చింది. తొలకరి, వానాకాలాల్లో గుడ్లతో ఉన్న తల్లి చేప పడితే వదిలేయడం మంచిది.

మొదటి అరగంట బాగా పడ్డాయి, తర్వాత ఒక్కటీ లేదు

మేత ఎక్కువైంది. చేపలు పడుతున్నాయన్న ఉత్సాహంలో గుప్పిళ్లకొద్దీ వేసేస్తాం. అవి అక్కడే ఉంటాయి, కాకపోతే కడుపు నిండి ఉంటాయి. బత్తాయంత ఉండలు మానేసి నిమ్మకాయంత ఉండలు చేయండి, అరగంటకు ఒకటి చాలు. ముద్దలో తినదగినది తగ్గించి, వాసన వచ్చేది పెంచండి. చలికాలంలో ఈ మోతాదును కూడా సగానికి తగ్గించాలి. నీరు చల్లబడితే చేప మందగిస్తుంది, అరుగుదల తగ్గుతుంది.

మేత నీటిలో పడగానే చెదిరిపోతోంది

తవుడు ఒక్కటే అయితే అంతే. చెరువు గట్టున దొరికే బంకమట్టి మూడో వంతు కలిపి ఉండ చేయండి, అడుగుకు చేరాక మెల్లగా కరుగుతుంది. ప్రవాహం మరీ ఎక్కువైతే పాత గోనెసంచి ముక్కలో మేతను మూటగట్టి, రాయి జోడించి తాడుతో దించండి. వెళ్లేటప్పుడు ఆ మూటను పైకి లాగి తీసుకెళ్లడం మరిచిపోవద్దు. బ్యారేజీలకు దిగువన ఈ పని చేసేవారు గేట్లు ఎత్తితే నీరు ఎంత తొందరగా పెరుగుతుందో గుర్తుంచుకోవాలి.

మేత పులియలేదు, కుళ్లింది

పులుపు వాసన వేరు, కుళ్లు వాసన వేరు. రెండు పాళ్ల తవుడుకు ఒక పాలు తెలగపిండి గానీ వేరుశనగ చెక్క గానీ కలిపి, గంజితో తడిపి, ఎండాకాలంలో ఒక రోజు, చలికాలంలో రెండు మూడు రోజులు నీడలో ఉంచితే కమ్మని పుల్లటి వాసన వస్తుంది. అమెరికాలో కూడా గోధుమలు, మొక్కజొన్న నానబెట్టి పులియబెట్టి ఇదే పని చేస్తారు. అక్కడ స్థిరపడి గాలం పట్టే మనవాళ్లకు ఒక మాట: మేత చల్లడంపై నిబంధనలు రాష్ట్రానికో తీరుగా ఉన్నాయి, ముందు చూసుకోవాలి.

కోడి పేగులు, రొయ్యపొట్టు లాంటివి మొదటి రోజే కలిపితే పులుపు కాస్తా కుళ్లుగా మారుతుంది. వాటిని బయలుదేరే ముందు కలపండి. డబ్బా మూత బిగించకండి, లోపల గాలి చేరుతుంది. నేను ఒకసారి గట్టి మూత పెట్టి బాల్కనీలో వదిలేశాను. రాత్రి పదకొండుకు టపాకాయ పేలినట్టు శబ్దం వచ్చింది. కింది వాటాలో ఆరేసిన బట్టల సంగతి నేను చెప్పను.

మార్పు చేపలు పైకి వచ్చి గుటకలు వేస్తున్నాయి, ఎర మాత్రం ముట్టవు

అది తినడం కాదు, ఊపిరి. మార్పు, ఇంగిలాయి నేరుగా గాలి పీల్చగలవు. వేసవిలో నీరు తగ్గిన చెరువులో ఇది తరచుగా కనిపిస్తుంది. మిగతా చేపలు కూడా తెల్లవారుజామున పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే నీటిలో ప్రాణవాయువు తగ్గిందని అర్థం. అప్పుడు మేత వేయనే కూడదు. అది కుళ్లుతూ ఉన్న కాస్త ప్రాణవాయువునూ లాక్కుంటుంది.

ఇంగిలాయి పడితే చేత్తో పట్టుకోవద్దు, రెక్క ముల్లుకు విషం ఉంటుంది. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో చెయ్యి ముంచితే నొప్పి తగ్గుతుంది, తర్వాత వైద్యుడికి చూపించాలి. మార్పులా ఉండి మరీ పెద్దగా ఉన్నది పడితే అది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ కావచ్చు. మన దేశంలో దాని పెంపకాన్ని 2000లో నిషేధించారు. దాన్ని మళ్లీ నీటిలోకి వదలకండి.

చెరువు దగ్గర అడ్డగించారు

వాళ్లదే న్యాయం. చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘాలది, పిల్లలను కొని వదిలేది వాళ్లే. అడిగి, అవసరమైతే రుసుము కట్టి కూర్చోండి. తాగునీటి చెరువులో మాత్రం ఎవరు ఒప్పుకున్నా మేత చల్లవద్దు.

చేతుల వాసన పోవడం లేదు

శనగపిండి, నిమ్మచెక్క. రెండుసార్లు రుద్దాలి. బకెట్‌ను మాత్రం ఇంట్లోకి తేవద్దు.