ఫైలు పేరులో 320 అని ఉంటే నమ్మొచ్చా? పాటల్ని నాణ్యంగా సొంతం చేసుకోవడం ఎలా

నాణ్యమైన శబ్దం కోసమే డౌన్‌లోడ్ చేసుకునే కాలం దాదాపు అయిపోయింది. ఆపిల్ మ్యూజిక్ 2021లోనే అదనపు ఛార్జీ లేకుండా లాస్‌లెస్ (శబ్దంలో ఏమీ పోగొట్టని రూపం) ఇచ్చింది. స్పాటిఫై 2025లో అదే దారి పట్టింది. ఇక డౌన్‌లోడ్ ఎందుకంటే, పాట మన దగ్గరే ఉండటానికి. యాప్‌లో ‘డౌన్‌లోడ్’ నొక్కితే ఫోనులోకి దిగేది తాళం వేసిన ఫైలు. చందా ఆపేస్తే అది మోగదు. కంపెనీల మధ్య ఒప్పందం ముగిసి ఆ పాటను యాప్ నుంచి తీసేసినా అంతే. విన్న ప్రతి పాటా కొనక్కర్లేదు గానీ, పదేపదే వినేవాటిని మాత్రం ఇలా దాచుకోండి.

1. సరైన చోట కొనండి

బ్యాండ్‌క్యాంప్ అనే వెబ్‌సైట్లో కొంటే ఎంపీ3, ఫ్లాక్ (లాస్‌లెస్ ఫైలు రూపం) వంటివాటిలో కావలసినది దించుకోవచ్చు. ఐట్యూన్స్ స్టోర్‌లో 2009 నుంచి పాటలు తాళం లేకుండా, 256 కేబీపీఎస్ ఏఏసీలో (ఎంపీ3 లాంటి మరో రూపం) వస్తున్నాయి. కేబీపీఎస్ అంటే పాటలో సెకనుకు ఎన్ని కిలోబిట్లు అని, ఫైలు పేర్లలో కనిపించే 320 కూడా అదే లెక్క. అదీ తీసిపారేయదగ్గది కాదు.

పాత తెలుగు సినిమా పాటలకైతే ఇంట్లో అటక మీద పడున్న అసలు ఆడియో సీడీలే మంచి ఆధారం. ఆడియో సీడీలో పట్టేది 80 నిమిషాలలోపే. ఒకే డిస్కులో వంద పాటలున్నాయంటే అది ఎంపీ3 సీడీ, అందులోవి అప్పటికే కుదించినవి.

2. సీడీని ఫ్లాక్‌లోకి ఎక్కించండి

విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. సీడీలోని శబ్దం 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, అంటే సెకనుకు 44,100 కొలతలు, ఒక్కో కొలతకు 16 బిట్లు. నాలుగు నిమిషాల పాట అలాగే ఎక్కిస్తే సుమారు 42 ఎంబీ అవుతుంది. ఫ్లాక్ దాన్ని తరచూ సగానికి కాస్త అటూఇటూ తగ్గిస్తుంది, కానీ ఒక్క బిట్ కూడా పోదు. ఎంపీ3 అలా కాదు. చెవి పట్టించుకోదనుకున్న భాగాన్ని తీసేస్తుంది, ఆ తీసేసింది మళ్లీ రాదు.

3. ఫైలు లోపల ఏముందో చూడండి

అసలు తేడా తెలిసేది ఇక్కడే. ఎవరైనా 128 కేబీపీఎస్ ఎంపీ3ని తీసుకుని 320గానో, ఫ్లాక్‌గానో మార్చి పెట్టొచ్చు. పేరు మారుతుంది, సైజు పెరుగుతుంది, పాట మాత్రం అదే. ఫైలు వివరాల్లో చూసినా 320 అనే కనిపిస్తుంది, కాబట్టి అది సాక్ష్యం కాదు.

స్పెక్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్‌లోకి ఫైలును లాగి వదలండి. ఒక రంగుల పటం వస్తుంది. అడ్డంగా సమయం, నిలువుగా శబ్దపు ఎత్తు (ఫ్రీక్వెన్సీ) కిలోహెర్ట్జ్‌లో. సీడీ నుంచి నేరుగా తీసిన పాటలో రంగు 22 దాకా పాకుతుంది. నిజమైన 320 ఎంపీ3 సాధారణంగా 20 దగ్గర ఆగుతుంది. 128 అయితే 16 దగ్గర కత్తితో కోసినట్టు తెగిపోతుంది. ‘ఫ్లాక్’ అని ఉన్న ఫైలులో 16 దగ్గర అలాంటి గీత కనిపిస్తే అనుమానించాల్సిందే.

అయితే తొందరపడి తీర్పు చెప్పొద్దు. ఘంటసాల కాలపు రికార్డింగుల్లో పై శబ్దాలు మొదటి నుంచీ తక్కువే ఉండొచ్చు. అక్కడ రంగు మెల్లగా పలచబడుతుంది. సందేహించాల్సింది పాట పొడవునా ఒకే ఎత్తులో అడ్డగీతలా సాగే కోతను.

4. రూపం మార్చడంలో జాగ్రత్త

ఫ్లాక్ నుంచి ఎంపీ3 చేసుకోవచ్చు, కారులో పెన్‌డ్రైవ్‌కి అదే సుఖం. ఎంపీ3 నుంచి ఫ్లాక్ చేయడం మాత్రం దండగ. ఎంపీ3ని ఇంకో ఎంపీ3గా మారిస్తే నాణ్యత మరింత పోతుంది.

5. వినే దారి సరిచూసుకోండి

బ్లూటూత్‌లో ఫ్లాక్ పెట్టినా, గాల్లోకి వెళ్లేముందు ఫోను పాటను మళ్లీ కుదిస్తుంది. ఎస్‌బీసీ అనే మామూలు కుదింపు పద్ధతిలో అది సాధారణంగా 328 కేబీపీఎస్‌కి మించదు. సోనీ తెచ్చిన ఎల్‌డ్యాక్ 990 దాకా వెళ్తుంది. ఆండ్రాయిడ్ ఫోను, ఇయర్‌ఫోను రెండింట్లోనూ ఉంటేనే పనిచేస్తుంది. ఈ గొడవ వద్దనుకుంటే వైరున్న ఇయర్‌ఫోనే మేలు.

192 కిలోహెర్ట్జ్ ఫైళ్లకు ఎక్కువ డబ్బు పెట్టమని నేను చెప్పను. సెకనుకు 44.1 వేల కొలతలు చాలు, 22 కిలోహెర్ట్జ్ ఎత్తు దాకా శబ్దం అందులో ఇముడుతుంది. మనిషి చెవి హద్దు సుమారు 20, వయసుతో అదీ తగ్గుతుంది. నమ్మకం కుదరకపోతే ఫూబార్2000 అనే ప్లేయర్‌లో ఏబీఎక్స్ పరీక్ష చేసుకోండి. ఏది ఏ ఫైలో చెప్పకుండా వినిపిస్తుంది, మీరే గుర్తుపట్టాలి. మంచి 320 ఎంపీ3కీ ఫ్లాక్‌కీ తేడా చాలామంది పట్టలేరు. అయినా దాచేది ఫ్లాక్‌లోనే దాచండి, రేపు ఏ రూపం వచ్చినా ఏమీ పోని అసలు నుంచే అందులోకి మార్చుకోవచ్చు.

6. రెండు చోట్ల పెట్టండి

పాట, సినిమా, గాయకుల పేర్లు, సంవత్సరం ట్యాగుల్లో రాసుకోండి. ఒక కాపీ కంప్యూటర్లో, ఇంకోటి విడిగా హార్డ్‌డిస్కులో. ఫోనులో ఉన్నదాన్ని కాపీగా లెక్కపెట్టొద్దు.