ఎల్ షేప్ సోఫా కొనే ముందు పాత పేపర్లు పరచండి

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు ఫ్లాట్లలో ఉంటూ ఎల్ షేప్ సోఫా చూస్తున్నారా? బుక్ చేసే ముందు దాని కొలతల ప్రకారం హాల్లో పాత న్యూస్‌పేపర్లు పరచండి. ఒక పూట వాటిని తొక్కకుండా ఇంట్లో తిరగండి. తడి బట్టల బకెట్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లేటప్పుడు అసలు సంగతి తెలిసిపోతుంది. నడవడానికి కనీసం 30 అంగుళాలు మిగలాలి. టీపాయ్‌కీ సోఫాకీ మధ్య 18 చాలు.

సోఫా పొడుగు వైపు లెఫ్టా, రైటా అని చెప్పేది ఎదురుగా నిలబడి చూస్తేనా, కూర్చుంటేనా అని షాపులో అడిగి బిల్లు మీద రాయించుకోండి. ఒక్కో షాపుది ఒక్కో లెక్క.

అద్దె ఇల్లయితే విడి ముక్కలుగా వచ్చే మాడ్యులర్ రకమే నయం. రేపు ఇల్లు మారినా పొడుగు వైపును ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. ఎందుకైనా మంచిది, లిఫ్టు తలుపు కూడా కొలవండి.

ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉండే ఇంట్లో మరీ లోతుగా, నేలబారుగా ఉండే సీట్లు వద్దు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు లేవలేరు. సీటు ఎత్తు 18 అంగుళాల దగ్గరుంటే సుఖం. రంగంటారా, మీ ఇష్టం. పిల్లలుంటే మాత్రం లేత క్రీమ్ జోలికి పోకండి.